సిల్వియా (87 సిల్వియా)

సిల్వియా గ్రహశకలాల ప్రధాన వలయపు వెలుపలి అంచున, సూర్యుడి నుంచి సగటున 52 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్న గ్రహశకలం. రెండు ఉపగ్రహాలున్నట్లు తేలిన మొట్టమొదటి గ్రహశకలం ఇదే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ 1866 మే 16న దీన్ని కనుగొన్నాడు. ఈస్టిండియా కంపెనీ 1792లో నెలకొల్పిన ఆ వేధశాల నేటి చెన్నైలో, పెరంబూరుకు దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలోని నుంగంబాకంలో ఉండేది.

రోమన్ పురాణాల్లోని రియా సిల్వియా పేరు దీనికి పెట్టారు. వ్యాసం సుమారు 270 కిలోమీటర్లు. ఆకారం గుండ్రంగా కాక సాగినట్లుంటుంది. తన చుట్టూ తాను 5.18 గంటల్లో, సూర్యుడి చుట్టూ దాదాపు ఆరున్నరేళ్లలో తిరుగుతుంది. సాంద్రత నీటికన్నా కొంచెమే ఎక్కువ. లోపల ఖాళీలు బాగా ఉన్నాయనడానికి ఇదే బలమైన ఆధారం.

మొదటి ఉపగ్రహం రోములస్‌ను 2001 ఫిబ్రవరిలో హవాయిలోని కెక్ దూరదర్శినితో మైకేల్ బ్రౌన్, జాన్-లూక్ మార్గో గుర్తించారు. అది సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలో 3.65 రోజులకొకసారి చుట్టి వస్తుంది. చిన్నదైన రీమస్ 700 కిలోమీటర్ల దూరంలో 33 గంటల్లో తిరుగుతుంది. ఫ్రాంక్ మార్షీ బృందం చిలీ నుంచి 2004లో తీసిన చిత్రాల్లో అది బయటపడింది. పురాణంలో ఈ కవలలు రియా సిల్వియా కుమారులు. కనుక ఈ పేర్లు ఎంతో సముచితమైనవి. ఉపగ్రహాల కక్ష్యలే సిల్వియా ద్రవ్యరాశిని లెక్కగట్టే వీలు కల్పించాయి.

పాగ్సన్ 1868 నవంబరు 17న మద్రాసులోనే కనుగొన్న 107 కామిల్లాకూ రెండు ఉపగ్రహాలున్నాయి.