నిరోధం, విద్యుత్ సామర్థ్యాల గణన: చరిత్ర

ఒక వాహకం రెండు కొనల మధ్య ఉన్న వోల్టేజిని అందులో పారే కరెంటుతో భాగిస్తే దాని విద్యుత్ నిరోధం వస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే అది సెకనుకు వాడుకునే శక్తి, అంటే విద్యుత్ సామర్థ్యం వస్తుంది. నిరోధాన్ని ఓంలలో, సామర్థ్యాన్ని వాట్లలో చెబుతారు. హైస్కూలు విద్యార్థులు చిటికెలో చేసే ఈ లెక్క కుదరడానికి దాదాపు వందేళ్లు పట్టింది. నిలకడగా కరెంటు ఇచ్చే వనరు, దాన్ని కొలిచే సాధనం, అందరూ ఒప్పుకున్న ప్రమాణం సమకూరాకే ఈ సూత్రాలు పనికొచ్చాయి.

తొలి ప్రయత్నాలు

ఇంగ్లండు శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ 1781లో ఉప్పునీరు నింపిన గాజు గొట్టాల గుండా, విద్యుత్తును నిల్వ చేసే లేడెన్ జాడీల నుంచి విద్యుత్తును పంపి పరీక్షించాడు. కరెంటును కొలిచే పరికరం అప్పటికి లేదు. ఒంటికి తగిలే షాకు తీవ్రతను బట్టే ఆయన అంచనా కట్టాడు. ఆ పద్ధతిలోనే వోల్టేజికీ కరెంటుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాడు కానీ ప్రచురించలేదు. ఆ రాతప్రతులను జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1879లో వెలుగులోకి తెచ్చాడు. ఈలోగా 1800లో అలెస్సాండ్రో వోల్టా బ్యాటరీని ప్రకటించాడు. కరెంటు పారే తీగ దగ్గర అయస్కాంత సూది కదులుతుందని 1820లో హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ కనిపెట్టడంతో కరెంటును కొలిచే దారి దొరికింది.

ఓం ప్రయోగాలు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే కుటుంబంలో 1789లో పుట్టిన జార్జ్ సైమన్ ఓం, కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉంటూ ఈ పనికి పూనుకున్నాడు. 1825లో ఆయన బ్యాటరీతో చేసిన ప్రయోగాలు సరైన సూత్రాన్ని ఇవ్వలేదు. తీగ కలపగానే ఆనాటి బ్యాటరీ బలం మారిపోయేది. శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహాపై మరుసటి ఏడాది, రెండు లోహాల అతుకుల మధ్య ఉష్ణోగ్రత తేడాతో వోల్టేజి పుట్టించే ఉష్ణయుగ్మాన్ని ఎంచుకున్నాడు. బిస్మత్ కడ్డీకి రెండు వైపులా రాగి పట్టీలు బిగించి, ఒక అతుకును మరిగే నీటితో, రెండోదాన్ని మంచుతో ఉంచాడు. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు కాబట్టి వోల్టేజి కూడా స్థిరంగా నిలిచింది. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా ఎనిమిది పొడవుల రాగి తీగలను ఒక్కొక్కటే వలయంలో కలిపి, పైనుంచి వేలాడదీసిన అయస్కాంత సూదితో కరెంటును కొలిచాడు. తీగ పొడవుకు, వలయంలోని మిగతా భాగపు నిరోధాన్ని కూడా తీగ పొడవుగా లెక్కగట్టి కలిపి, ఆ మొత్తంతో వోల్టేజిని భాగిస్తే కరెంటు వస్తుందని తేలింది.

1827లో బెర్లిన్‌లో అచ్చయిన ఆయన గ్రంథానికి స్వదేశంలో ఆదరణ కరువైంది. లండన్ రాయల్ సొసైటీ మాత్రం 1841లో ఆయనను కోప్లే పతకంతో గౌరవించింది. మ్యూనిక్‌లో ఆచార్య పదవి 1852లో గానీ రాలేదు. రెండేళ్లకే ఆయన కన్నుమూశాడు. ఓపికగా చేసిన కొలత ఎంత విలువైనదో చెప్పడానికి ఓం జీవితమే నిదర్శనం.

జౌల్, సామర్థ్యం

సాల్ఫర్డ్‌లో బీరు తయారీ కుటుంబానికి చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, తీగచుట్టను నీటిలో ముంచి, కరెంటు పంపి, థర్మామీటరుతో వేడిని కొలిచాడు. పుట్టే వేడి కరెంటు వర్గానికీ నిరోధానికీ అనుపాతంలో ఉంటుందని 1841లో ప్రచురించాడు. రష్యాలో శాస్త్రవేత్త లెంజ్ 1842లో స్వతంత్రంగా ఇదే తేల్చాడు. వోల్టేజి అంటే కరెంటును నిరోధంతో గుణించగా వచ్చేది కాబట్టి, జౌల్ సూత్రం వోల్టేజి, కరెంటుల లబ్ధంగా మారింది. సరఫరాకు ఎక్కువ వోల్టేజి వాడటానికి మూలం ఇదే. అదే సామర్థ్యానికి వోల్టేజిని రెట్టింపు చేస్తే కరెంటు సగమవుతుంది, తీగలో వృథా అయ్యే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

ప్రమాణాలు

నిరోధానికి ఉమ్మడి ప్రమాణం కావాలన్న ఒత్తిడి టెలిగ్రాఫ్ రంగం నుంచి వచ్చింది. మైలుకు ఎంత నిరోధమో తెలిస్తే, సముద్రం అడుగున కేబుల్ ఎంత దూరంలో దెబ్బతిందో ఒడ్డునే లెక్కగట్టవచ్చు. విలియం థామ్సన్ చొరవతో 1861లో బ్రిటిష్ అసోసియేషన్ ఇందుకు కమిటీ వేసింది. 1881లో పారిస్ అంతర్జాతీయ విద్యుత్ సభ ఓం, వోల్ట్, ఆంపియర్లను ఆమోదించింది. మరుసటి ఏడాది విలియం సీమెన్స్ సామర్థ్యానికి వాట్ అనే పేరు ప్రతిపాదించాడు. 1893లో చికాగో సభ, సున్నా డిగ్రీల వద్ద 106.3 సెంటీమీటర్ల పొడవు, 14.4521 గ్రాముల బరువు ఉన్న పాదరసపు స్తంభం నిరోధాన్ని ఒక ఓంగా నిర్ణయించింది. 1980లో క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్ కనుగొన్న క్వాంటం హాల్ ప్రభావం వల్ల ఇప్పుడు ఓంను ప్రకృతి స్థిరాంకాల ఆధారంగానే రాబడుతున్నారు.

లెక్క, దాని హద్దులు

మన ఇళ్లలోని 230 వోల్టులపై 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాని నిరోధం సుమారు 26.5 ఓంలు. వోల్టేజి 200కు పడితే సామర్థ్యం దాదాపు 1,510 వాట్లకు తగ్గుతుంది. వోల్టేజి సుమారు ఎనిమిదో వంతు తగ్గితే సామర్థ్యం సుమారు నాలుగో వంతు తగ్గడానికి కారణం, అది వోల్టేజి వర్గాన్ని అనుసరించడమే.

వోల్టేజిని కరెంటుతో ఏ పరికరానికైనా భాగించవచ్చు. ఆ నిష్పత్తి స్థిరంగా ఉంటుందని చెప్పేదే ఓం నియమం. ఉష్ణోగ్రత మారనప్పుడు లోహపు తీగ దాన్ని పాటిస్తుంది. డయోడ్ పాటించదు. ఫిలమెంటు బల్బు చల్లగా ఉన్నప్పటి నిరోధం, వెలిగేటప్పటి నిరోధంలో పదో వంతు లోపే ఉంటుంది. మోటార్ల వంటి ఏసీ పరికరాల్లో వోల్టేజి, కరెంటుల లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో (ఆ రెండింటి హెచ్చుతగ్గులు ఎంతవరకు ఒకేసారి జరుగుతాయో చెప్పే సంఖ్యతో) కూడా గుణిస్తేనే అసలు సామర్థ్యం వస్తుంది.