కిబ్బుట్జ్ పిల్లల ఇళ్లు

ఇజ్రాయెల్‌లోని సమష్టి వ్యవసాయ గ్రామాలైన కిబ్బుట్జ్‌లలో పిల్లల్ని ఊరంతా కలిసి పెంచిన ఏర్పాటు. మొదటి కిబ్బుట్జ్ దెగానియా 1910లో గలిలయ సరస్సు ఒడ్డున వెలసింది. తర్వాతి దశాబ్దాల్లో చాలా గ్రామాల్లో పసికందులు సైతం ఈడువారితో కలిసి 'పిల్లల ఇంటి'లోనే తిని, ఆడుకుని, నిద్రపోయేవారు. సాయంత్రం పొలం పనులయ్యాక కొన్ని గంటలు అమ్మానాన్నల దగ్గర గడిపి, పడుకునే వేళకు తిరిగి వెళ్లేవారు. ఆలనాపాలనా 'మెతపెలెత్' అనే సంరక్షకురాలిది. రాత్రి కాపలాకు వంతులు వేసుకునేవారు. ఒక్కరే పలు ఇళ్లు చూసుకోవాల్సి రావడంతో, చీకట్లో ఏడ్చిన బిడ్డ దగ్గరికి వెంటనే ఎవరూ రాకపోవడమూ ఉండేది.

స్త్రీని ఇంటిచాకిరీ నుంచి విడిపించడం ఈ పద్ధతి ఆశయాల్లో ఒకటి. తీరా పిల్లల ఇళ్లలోనూ, ఉమ్మడి వంటశాలలోనూ, బట్టలుతికే చోటా చేరింది ఎక్కువగా ఆడవాళ్లే.

పిల్లల ఇంటిలో ఒకే గుంపులో పెరిగినవారు పెద్దయ్యాక ఒకరినొకరు పెళ్లాడడం చాలా అరుదని పరిశోధకుడు జోసెఫ్ షెఫర్ గమనించాడు. కారణంపై పరిశోధకుల్లో వాదం తెగలేదు.

పిల్లల్ని రాత్రిళ్లు తమ దగ్గరే పడుకోబెట్టుకోవాలన్న తల్లిదండ్రుల పట్టుదల క్రమంగా నెగ్గింది. 1990ల చివరికి పిల్లల ఇళ్లలో రాత్రి పడకలు దాదాపు కనుమరుగయ్యాయి. పగటిపూట సంరక్షణ మాత్రం కొనసాగుతోంది.