ఇల్లందు బొగ్గు నుంచి రామగుండం ఎండ దాకా

భద్రాచలం వెళ్లే యాత్రికులు వంటకని మూడు నల్లరాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే, ఆ రాళ్లే అంటుకున్నాయట. ఇల్లందు వైపు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. కాగితాల మీది చరిత్ర 1871లో మొదలవుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చిన ఏడాది అది. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు బయటికొచ్చింది. 1920లో పక్క ఊరు సింగరేణి పేరే కంపెనీ పేరైంది.

ఆ బొగ్గు రైళ్లను లాగింది, తర్వాత ఊళ్లకు వెలుగిచ్చింది. దాన్ని తవ్విన మనిషికి మాత్రం చీకటీ దుమ్మే మిగిలాయి. బాయిలోకి, అంటే గనిలోకి దిగి, తట్టా చెమ్మస్‌ (పార)తో బొగ్గెత్తిన కార్మికుల ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఎందరికో తగ్గని ఆయాసమైంది. నేల కింద పనిచేసిన తరం కట్టిన ఈ మూల్యం ఏ కరెంటు బిల్లులోనూ కనిపించదు.

1970ల నుంచి నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. బాయిలో ఉన్న దుమ్ము ఊరి మీదికొచ్చింది. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలువారాయి, పొలాలున్న చోట మట్టిగుట్టలు లేచాయి. భారీ యంత్రాలు దిగాక పనిచేతులూ తగ్గాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. బొగ్గుబెల్టులో ఉద్యోగాలు పోయింది సోలార్ వల్ల కాదు, ఇది గుర్తుంచుకోవాలి.

మన బొగ్గులో బూడిద ఎక్కువ, మూడో వంతుకు పైగా ఉండటం మామూలే. ఒక్క యూనిట్ కరెంటుకు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత బొగ్గు యూనిట్ 2024లో మూతపడింది. అదే రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం రిజర్వాయరు నీళ్ల మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. వాటికి పొగ లేదు, బూడిద లేదు, ఎకరా పొలం పోలేదు. పైగా పలకల నీడలో నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది. పొద్దుగూకితే కరెంటు ఆగుతుంది, నిజమే. అందుకే పగటి కరెంటును రాత్రికి దాచే బ్యాటరీలు, నీళ్లను పైకి తోడి మళ్లీ కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు కావాలి.

బొగ్గు తగ్గించాల్సిందే, ఆలస్యం చేసే హక్కు మనకు లేదు. అయితే సోలార్ కేంద్రం నడపడానికి కొద్దిమంది చాలు. కాబట్టి పలకలు, బ్యాటరీలు తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చేటప్పుడు మొదటి చోటు గోదావరిఖని, మందమర్రి, ఇల్లందులకే ఇవ్వాలి. మొదటి ఉద్యోగాలు బాయి కార్మికుల పిల్లలకు దక్కాలి. ప్రభుత్వాలు ఈ మాటను ఇప్పుడే రాసివ్వాలి.