పాంబన్ వంతెన: రెండు తీరాల చరిత్ర

రామేశ్వరం సేతుతీరాన ఇసుక తీసుకుని గంగలో కలపడం, గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించడం – ఈ రెండూ నెరవేరితేనే కాశీ రామేశ్వర యాత్ర సంపూర్ణమని తెలుగునాట తరతరాల విశ్వాసం. ఆ యాత్రికులకు చివరి అడ్డంకి పాంబన్ జలసంధి. ప్రధాన భూభాగం నుండి రామేశ్వర ద్వీపానికి పడవలపైనే దాటవలసి వచ్చేది. 1914 ఫిబ్రవరి 24న ఆ జలసంధిపై రైలు వంతెన ప్రారంభమైంది. అయితే దానిని నిర్మింపజేసినవారి దృష్టి రామేశ్వరంపై కంటె, ఆవలనున్న సిలోను ద్వీపంపైనే ఎక్కువగా ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు సిలోను కొండసీమలలో మొదట కాఫీ, ఆ పిమ్మట తేయాకు తోటలు పెంచారు. తోటపనికి తమిళ జిల్లాల నుండి నిరుపేద కుటుంబాలు తరలిపోయేవి. పడవలపై మన్నార్ తీరం చేరి, అక్కడి నుండి అడవిదారిన కాలినడకన కొండలకు చేరే ఆ ప్రయాణంలో కలరాకు, ఆకలికి బలైనవారు ఎందరో. స్తోమతు గలవారు తూత్తుకుడి నుండి ఆవిరి ఓడలో కొలంబో వెళ్లేవారు. కూలీల రాకపోకలకు, వాణిజ్యానికి దగ్గరిదారి ధనుష్కోటి–తలైమన్నార్ మార్గమే. ఆ రెండు రేవుల నడుమ సముద్రం సుమారు 35 కిలోమీటర్లు మాత్రమే.

ఆ మార్గానికి ద్వారంగా వెలసినదే పాంబన్ వంతెన. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున, 140కి పైగా స్తంభాలపై ఇది నిలిచింది. ఓడలకు దారి ఇచ్చేందుకు నడుమ రెండు రెక్కలుగా విచ్చుకునే భాగాన్ని అమర్చారు. అమెరికా ఇంజనీరు షెర్జర్ రూపొందించిన పద్ధతి అది. దశాబ్దాల తరబడి ఆ రెక్కలను కార్మికులే మీటలు తిప్పి పైకెత్తేవారు. మద్రాసులో కొన్న ఒకే టికెట్టుతో ప్రయాణికుడు బోట్ మెయిల్‌లో ధనుష్కోటి చేరి, ఓడలో తలైమన్నార్ దాటి, తిరిగి రైలెక్కి కొలంబో చేరుకునేవాడు. కూలీల సంగతి వేరు. వారిని ముందుగా మండపం శిబిరంలో వైద్యపరీక్షలకై నిలిపి, అనంతరమే ఓడ ఎక్కించేవారు.

ఉభయదేశాలకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ రాకపోకల స్వరూపం మారింది. సిలోను 1948లో చేసిన పౌరసత్వ చట్టంతో తోటకార్మికులలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకేల మధ్య ఒప్పందం కుదిరింది. 5,25,000 మందిని భారతదేశం స్వీకరించాలి, 3,00,000 మందికి సిలోను పౌరసత్వమివ్వాలి. మిగిలిన 1,50,000 మంది విషయం 1974లో మరొక ఒప్పందంతో చెరిసగంగా పరిష్కృతమైంది. ఈ అంకెల వెనుక ఉన్నవారిలో పెక్కుమంది సిలోనులోనే పుట్టినవారు. వారికి భారతదేశం తాతల నోట విన్న ఊరి పేరు మాత్రమే.

మొదటి ఒప్పందం కుదిరి రెండు నెలలు నిండకముందే, 1964 డిసెంబరు 22 రాత్రి పెనుతుపాను ధనుష్కోటిని కబళించింది. పాంబన్ నుండి వెళుతున్న ప్యాసింజరు రైలు సముద్రం పాలైంది. అందులోని వంద మందికి పైగా ప్రయాణికులలో ఒక్కరూ మిగలలేదు. వంతెన గర్డర్లలో అధికభాగం కొట్టుకుపోయాయి. విచ్చుకునే నడిమిభాగం మాత్రం నిలిచింది. ఆరునెలలు పడుతుందనుకున్న పునరుద్ధరణను యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజులలో ముగించారు. సముద్రగర్భంలో పడిన గర్డర్లు ఎక్కడున్నాయో పసిగట్టి చెప్పినది స్థానిక మత్స్యకారులు. వాటిని వెలికితీసి తిరిగి అమర్చారు.

వంతెన నిలబడింది గాని ధనుష్కోటి లేవలేదు. ఓడ రామేశ్వరం నుండే తలైమన్నార్‌కు నడిచింది. తోటలకు కూలీలను మోసుకుపోయిన దారినే వారి సంతతి మూటాముల్లెలతో తిరిగి వచ్చింది. నాడు తాతలను నిలిపిన మండపం శిబిరమే మనుమలకు తొలి మజిలీ అయింది. 1972లో శ్రీలంకగా పేరు మార్చుకున్న ఆ దేశంలో అంతర్యుద్ధం రగలడంతో 1984లో ఓడ ఆగిపోయింది. అటుపై కాందిశీకులు చేపల పడవలలో వచ్చారు.

1988లో పక్కనే రోడ్డు వంతెన వెలసింది. 2007లో రైలు వంతెన బ్రాడ్‌గేజికి మారింది. 2022 డిసెంబరులో దానిపై రైళ్లు నిలిచిపోయాయి. 72.5 మీటర్ల నడిమిభాగం నిలువునా పైకి లేచే కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. అవతలి తీరాన, యుద్ధకాలంలో ధ్వంసమైన రైలుమార్గం భారత సహాయంతో పునర్నిర్మితమై 2015 మార్చిలో తలైమన్నార్ చేరింది. ఓడ ఆగి అప్పటికి 31 ఏళ్లు. రేవులో ఆ రైలు కోసం వేచి ఉన్న ఓడ లేదు.

కడలిలో కూలిన ఇనుమును నిలబెట్టడానికి 46 రోజులు చాలాయి. ఒకే టికెట్టుపై రెండు తీరాలను కలిపిన నాటి ప్రయాణాన్ని తిరిగి నిలబెట్టడం ఇంజనీర్ల చేతిలోని పని కాదని పాంబన్ చరిత్ర చెబుతున్నది.