సమాజాన్ని ప్రశ్నించే కళకు ఆసరా: మన పెద్దలు చూపిన దారి

ఉగాది అయ్యాక సంఘం ఖర్చుల పుస్తకం తిరగేస్తే పందిరి, మైకు, భోజనాలు, బహుమతులు అని పద్దులు వరుసగా కనిపిస్తాయి. వరకట్నం మీదో, తాగుడు మీదో, అప్పుల్లో మునిగిన రైతు మీదో నాటకం, బుర్రకథ కట్టేవారికి ఒక పద్దు మాత్రం కనిపించదు. "పండగ పూట అలాంటి గొడవలు ఎందుకు" అని వెనక్కి తగ్గినవారిలో మేమూ ఉన్నాం. కానీ తెలుగు కళల చరిత్ర చూస్తే, అటువంటి రచనల వెనుక డబ్బుతో పాటు ధైర్యం కూడా ఇచ్చిన దాతలు కనిపిస్తారు. వారిలో ముగ్గురి గురించి ఇక్కడ ఇస్తున్నాం.

విజయనగరం: కన్యాశుల్కం

గురజాడ అప్పారావు గారు విజయనగరం సంస్థానంలో కొలువు చేశారు. డబ్బు తీసుకుని పసిపిల్లల పెళ్లి చేసే ఆచారాన్ని ఆపాలని మహారాజా ఆనంద గజపతి రాజు మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవే 1,034. అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు ఉన్నారని గురజాడ తన పీఠికలో రాశారు. బిల్లు చట్టం కాలేదు. నాటకం మాత్రం 1892లో విజయనగరంలో రంగం మీదికి వచ్చింది, 1897లో అచ్చయింది, మహారాజుకే అంకితమైంది. ఆ రాజు ఇచ్చిన ఆసరాలో కొలువు ఉంది, రాసేవాడి చేతికి అందిన ఆ జాబితా కూడా ఉంది.

చల్లపల్లి: మాలపిల్ల, రైతుబిడ్డ

చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ ఆర్థిక అండతో సారథి ఫిలిమ్స్ నడిచింది. దాని తరఫున గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో అంటరానితనం మీద 'మాలపిల్ల', 1939లో జమీందారీ దౌర్జన్యం మీద 'రైతుబిడ్డ' తీశారు. ఒక జమీందారు డబ్బుతో జమీందారీని తప్పుపట్టే సినిమా రావడం వింతగానే ఉంటుంది. రెండో సినిమా ఇతర జమీందార్ల ఆగ్రహాన్నీ, నిషేధాలనూ ఎదుర్కొంది. అంతమాత్రాన ఆ దాతను ఆకాశానికెత్తనక్కర్లేదు. తర్వాతి కాలంలో అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం రైతులు పోరాడారు. మనిషిలో లోపాలున్నా, అతను ఇచ్చిన అవకాశం మంచి పనికి ఉపయోగపడింది.

తెలంగాణ: మా భూమి

ఈ కథ మనకు మరీ దగ్గరిది. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాయే. నిజాం కాలపు రైతాంగ పోరాటం మీద 1979లో తీసిన 'మా భూమి'కి దర్శకుడు గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు గారు, భూస్వామ్య కుటుంబంలో పుట్టినవారు. తమ వర్గాన్నే నిలదీసే సినిమాకు ఆయన పూనుకున్నారు.

ఈ ముగ్గురిలో ఒక పోలిక ఉంది. ఎవరూ కళాకారుడిచేత తమ పొగడ్త పాడించుకోలేదు.

ఇప్పుడు ఎవరు ఇస్తున్నారు

రాజులు, జమీందార్లు పోయారు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1993లో ఏర్పడి, 1995 నుంచి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తోంది. దాతల నుంచి విరాళాలు సేకరించి, దరఖాస్తులు పరిశీలించి సాయం చేస్తుంది. మన పిల్లల్లో ఈ దారిన నడిచేవారుంటే దాని ప్రకటనలు గమనించమని చెప్పండి.

చిన్న సంఘం ఏం చేయగలదు

పెద్ద మొత్తం అక్కర్లేదు. మాకు తోచినవి ఇవి:

• పండగ బడ్జెట్‌లో సామాజిక విషయం మీద ఒక ప్రదర్శనకు విడిగా పద్దు పెట్టడం.
• పారితోషికంలో కొంత ముందే ఇవ్వడం. వాయిద్యాలు, ప్రయాణం, రిహార్సల్ ఖర్చులన్నీ ప్రదర్శనకు ముందే వస్తాయి.
• పందిరి ఖర్చు తగ్గించమని అడగడానికి వెనుకాడం కదా, కళాకారుడి పారితోషికం మాత్రం బేరమాడకపోవడం.
• కథలో ఏముండాలో కమిటీ శాసించకపోవడం. ఎవరైనా నొచ్చుకుంటే జవాబు చెప్పే బాధ్యత కళాకారుడి మీదికి నెట్టకుండా సంఘమే తీసుకోవడం.

చివరిదే కష్టం. చందా ఇచ్చిన పెద్దమనిషి ఇంట్లోనే కట్నం తీసుకుని ఉండవచ్చు. ఆయన ముందు వరుసలో కూర్చున్నప్పుడు కథ ఆగకూడదు. డబ్బు పోగుచేయడం మాకు చేతనైన పనే. ఆ రోజు కళాకారుడి పక్కన నిలబడటం మేము ఇంకా నేర్చుకోవాలి.