ఒకే ఖర్చుతో ఇద్దరు

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మా ఊళ్లో ఆడపిల్లలను తిననిచ్చేవారు కాదు. నేను ప్రసూతి వార్డులో నర్సుగా చేరిన కొత్తలో కవల కాన్పు జరిగితే పక్క వార్డువాళ్లు కూడా వచ్చి చూసిపోయేవారు. 89 కాన్పులకు ఒకటి అని 1895లోనే హెలిన్ అనే వైద్యుడు లెక్క కట్టాడు. నేను రిటైరయ్యేనాటికి నెలతక్కువ పిల్లల గదిలో తల్లి పేరు ఒకటే, పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసిన చీటీలు మామూలైపోయాయి.

అరటిపండు సంగతేమోగానీ మందులు మాత్రం పనిచేశాయి. అమెరికాలో 1967లో అనుమతి వచ్చిన క్లోమిఫిన్ మాత్ర నెలకొక్క అండం వచ్చేచోట రెండు మూడు తెప్పించేది. ఇంజెక్షన్లది ఇంకా దూకుడు. 1978లో ఇంగ్లండులో పుట్టిన తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ విషయంలో అవేవీ వాడలేదు. సహజంగా వచ్చిన ఒక్క అండం, ఒక్క పిండం. అలా ఫలించడం అరుదు కనక, మందులతో ఎక్కువ అండాలు తీసి, ఎక్కువ పిండాలు లోపల పెట్టడం మొదలైంది. తొలి టెస్ట్‌ట్యూబ్ కవలలు 1981లో మెల్‌బోర్న్‌లో పుట్టారు. అమెరికాలో 1980లో వెయ్యి జననాల్లో 18.9గా ఉన్న కవలలు 2014కి 33.9 అయ్యారు. ఆలస్యంగా కనడమూ కొంత కారణమే. వయసు మీరితే మందు లేకపోయినా కవలల అవకాశం పెరుగుతుంది.

నన్ను కలచివేసేది కలకత్తా కథ. 1978 అక్టోబరు 3న పుట్టిన దుర్గ అనే టెస్ట్‌ట్యూబ్ బిడ్డ విషయంలో పిండాన్ని గడ్డకట్టించి దాచి, తరవాత లోపల పెట్టానని డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చెప్పాడు. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఇవాళ కవలల్ని తగ్గిస్తున్నది ఆ దాచడమే: ఒకటి పెట్టి మిగతావి ఫ్రీజ్ చేస్తారు, నిలవకపోతే మళ్లీ ఒకటి.

దానికి ఓపికతోపాటు డబ్బూ కావాలి. 2003లో బెల్జియం ఆరు విడతల ల్యాబ్ ఖర్చు భరిస్తామని, వయసు తక్కువున్నవాళ్లకు మొదటిసారి ఒక్క పిండమే పెట్టాలని షరతు పెట్టింది. అక్కడ కవలలు బాగా తగ్గారు. మా దగ్గరికి పొలం అమ్ముకుని వచ్చినవాళ్లు, "ఎలాగూ ఇంత పెడుతున్నాం, ఇద్దర్నీ ఒకేసారి ఇచ్చేయండి సిస్టరమ్మా" అనేవారు. వాళ్లను ఏమనగలను? పిల్లలు కిలోంబావు బరువుతో పుట్టి వెంటిలేటరెక్కాక గానీ రెండో ఖర్చు తెలిసేది కాదు.

2019లో గుంటూరులో డెబ్బై దాటినావిడకు ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలు పుట్టినప్పుడు నేను చూసిన చర్చలన్నీ ఆవిడ వయసు మీదే. మన దేశంలో ఇలాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ఆడవాళ్లకు యాభై ఏళ్ల హద్దు గీసింది. చికిత్స ఖర్చు ఎవరు భరించాలన్నది అందులో లేదు.