పాదచారులు, సైకిల్ ప్రయాణికుల సదుపాయాలకు ప్రభుత్వ నిధులు: పూర్వాపరాలు

(పత్రికల వారి వినియోగార్థం నేపథ్య వ్యాసం)

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర రంగాలలో పనిచేసేవారిలో సుమారు 4.5 కోట్ల మంది కాలినడకన, 2.6 కోట్ల మంది సైకిళ్లపై పనులకు వెళ్లేవారు. 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే. కాలిబాటలకు కేటాయించే నిధులను నగర సుందరీకరణ వ్యయంగా గాక, ప్రాణరక్షణ వ్యయంగా పరిగణించవలసి ఉన్నది.

2006 జాతీయ పట్టణ రవాణా విధానం రహదారి స్థలాన్ని వాహనాల కంటె మనుషులను దృష్టిలో ఉంచుకొని పంచవలెనని నిర్దేశించినది. సైకిల్ మార్గాలు, కాలిబాటల నిర్మాణానికి 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద ప్రాధాన్యమివ్వగలమని కేంద్రం అందులో ప్రకటించినది. ఈ పథకంలో 40 లక్షలకు పైబడిన జనాభా గల హైదరాబాదు వంటి నగరాలకు కేంద్ర వాటా 35, రాష్ట్ర వాటా 15 శాతం. పది లక్షలు దాటిన విశాఖపట్నం, విజయవాడలకు ఇవి 50, 20 శాతం. మిగిలినది స్థానిక సంస్థ సమకూర్చుకొనవలెను.

అయితే కాలిబాటకు ఆ పథకంలో ప్రత్యేక పద్దు లేదు. రహదారి లేదా బస్సు మార్గం ప్రాజెక్టు నివేదికలో అంతర్భాగంగా చేర్చినప్పుడే నిధులు లభించేవి. అంచనా వ్యయం పెరిగినప్పుడు ఇటువంటి అంశాలే ముందుగా కోతకు గురికావడం పరిపాటి. ఈ సంగతి ఇంజనీరింగ్ అధికారులకు విదితమే. అంతేగాక ఆ నిధులు నిర్మాణానికే పరిమితము. తదుపరి నిర్వహణ, ఆక్రమణల తొలగింపు పురపాలక సంస్థల బాధ్యత.

2015 జూన్ 25న ప్రారంభమై 2025 మార్చి 31న ముగిసిన స్మార్ట్ సిటీస్ మిషన్ మార్గదర్శకాలలో నడకకు అనువైన ప్రాంతాల అభివృద్ధి స్పష్టంగా చోటుచేసుకొన్నది. ఒక్కొక్క నగరానికి ఐదేళ్లపాటు సగటున ఏటా రూ.100 కోట్ల కేంద్ర సహాయం, అంతే మొత్తం రాష్ట్రం లేదా స్థానిక సంస్థ వాటా నిర్ణయించబడినవి. మిషన్ ఆధ్వర్యంలో 2020లో ప్రకటించిన సైకిల్ పోటీలో వరంగల్, వీధుల పోటీలో విజయవాడ విజేతలుగా నిలిచినవి. రంగు గీతలు, తాత్కాలిక అడ్డుగడలతో స్వల్పవ్యయంతో ప్రయోగించి, ప్రజల స్పందనను బట్టి శాశ్వత నిర్మాణం చేపట్టుట ఈ పోటీల పద్ధతి.

2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ మార్గం ప్రారంభమైనది. ఇది ప్రశంసనీయమే గాని, పాతబస్తీ నుండి పనికి వెళ్లు సైకిల్ ప్రయాణికునికి దీనివలన ఒనగూరునది స్వల్పము.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా చేర్చిన 138(1ఎ) సెక్షన్, పాదచారులు, యంత్రరహిత వాహనాలకు సంబంధించిన నియమాలు రూపొందించు బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించినది. పాదచారుల కాలిబాట హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు పేర్కొన్నది. కావున రహదారి అంచనాలలో కాలిబాట, దాని వార్షిక నిర్వహణలను విడి అంశాలుగా చూపినదీ లేనిదీ మంజూరు దశలోనే పరిశీలించదగి ఉన్నది.